బత్తాయి తోటకు మూడో బోరు: బండి వాళ్లతో ముందే ఏమేం మాట్లాడుకోవాలి?

దేవరకొండ_బత్తాయి | ఏప్రిల్ 6, రాత్రి 10:20

అందరికీ నమస్కారం. మాది దేవరకొండ వైపు పల్లె. అమ్మానాన్న ఊళ్లోనే ఉంటారు, నాకు హైదరాబాద్‌లో ఉద్యోగం. మూడెకరాల బత్తాయి తోట, చెట్లకు తొమ్మిదేళ్లు, మంచి కాపు మీద ఉన్నాయి. రెండు బోర్లున్నాయి. 2012లో వేసింది నిరుడు వేసవికే పూర్తిగా ఎండిపోయింది. 2019లో వేసిన రెండోది ఈ మార్చి నుంచి పావుగంట పోసి ఆగిపోతోంది. గంటన్నర ఆగితే మళ్లీ ఇంకో పావుగంట. నిన్న వీడియో కాల్‌లో నాన్న ఆకులు చూపించాడు, దోనెల్లా ముడుచుకుపోయాయి.

మూడో బోరు వేద్దామంటున్నాడు నాన్న. ఊళ్లో ఒక ఏజెంటు వచ్చి ‘అడుగుకు 95, మీరు ఊ అంటే రేపే బండి తెస్తా’ అన్నాడట. నా భయమంతా అక్కడే. రెండో బోరప్పుడూ ఇలాగే నోటిమాట మీద ఒప్పుకున్నాం. రాత్రి రెండింటికి నాన్న ఫోన్ చేసి ‘నాలుగొందలైంది, తడి తగిలిందంటున్రు, ఇంకో వంద వేస్తే పడతదంటున్రు, ఏం చేద్దాం బిడ్డా’ అన్నాడు. నిద్రమత్తులో ‘సరే, వేయించు’ అన్నాను. 500 దగ్గర ఆపారు. మేం అనుకున్న లెక్క మొదటి 300 అడుగులకు 70, తర్వాతి వందకు 80, ఆ పై వందకు 90. అంటే 38 వేలు. బిల్లు మాత్రం మొత్తం 500కూ 90 చొప్పున 45 వేలు వేశారు. అడిగితే ‘500 దాకా పోతే రేటంతా మారుతుంది, ఏజెంటు చెప్పలేదా’ అన్నారు. అప్పటికే బండి కదలడానికి రెడీగా ఉంది.

ఈసారి అలా కాకూడదు. బండిని ఎలా చూసుకోవాలి, ఏం రాయించుకోవాలి, అసలు మూడోది వేయాలా వద్దా? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

కదిరి_రైతు | ఏప్రిల్ 6, రాత్రి 11:05

తమ్ముడూ, మీరు బత్తాయి అంటారు, మా అనంతపురం వైపు చీనీ అంటాం. చెట్టు ఒకటే, బాధా ఒకటే. నేను ఇప్పటిదాకా ఏడు బోర్లు వేయించినా. నీళ్లు పడింది రెండిట్లో. కాబట్టి నా మాట డబ్బు పోగొట్టుకున్నవాడి మాటగా విను.

అన్నిటికన్నా ముందు చేయాల్సింది ఒకటుంది. ఎన్ని అడుగుల దగ్గర ఆపాలో పగటిపూట, ఇంట్లో, మీ నాన్నా నువ్వూ కూర్చుని అనుకోండి. ఆ అంకె కాగితం మీద రాసి నాన్న జేబులో పెట్టు. అర్ధరాత్రి బండి దగ్గర ఆ మోతలో, ఆ తెల్ల దుమ్ములో, అప్పటికే ముప్పై నలభై వేలు భూమిలో పోసి నిలబడిన మనిషికి ‘ఇంకో వంద’ అంటే వద్దనడం చేతకాదు. నాకూ చేతకాలేదు. ఐదో బోరు 350కి ఆపుదామని పోయి 780 దాకా పోయినా. పొడి దుమ్ము తప్ప ఏమీ రాలేదు. ఆ అప్పు తీర్చడానికి రెండు కాపులు పట్టింది.

కాగితం మీద ఏం రాయించుకోవాలంటే, ఏ లోతు నుంచి ఏ లోతు దాకా ఏ రేటు. పెద్ద రేటు ఆ వంద అడుగులకేనా, మొత్తానికా అన్నది అక్షరాలా ఉండాలి. నీకు పోయిన 7 వేలూ అక్కడే పోయినాయి. కేసింగ్ (పైన మెత్తటి మట్టి కూలకుండా బోరులో దించే పైపు) అడుగుకు ఎంత, ఏ కంపెనీ పైపు, ఎన్ని కేజీల ఒత్తిడి తట్టుకునే పైపు. గాలి కొట్టి బోరు కడిగే ఫ్లషింగ్‌కు వేరే డబ్బులా? మధ్యలో బండి రిపేరొచ్చి ఆగిపోతే, బోరు తవ్వే రాడ్డు లోపల ఇరుక్కుపోతే నష్టం ఎవరిది? ఆఖరిది మన దగ్గర ఎవరూ అడగరు. మా పక్క చేన్లో రాడ్ల చివర రాయిని కొట్టే హ్యామర్ లోపలే ఉండిపోతే దాని ఖరీదు సగం రైతు మీద వేయాలని చూసినారు.

నీళ్ల జాడకు కొబ్బరికాయ పట్టి చూసేవాళ్లను పిలిపిస్తావా లేదా అన్నది మీ ఇష్టం. నేను ఎవరి నమ్మకాన్నీ తప్పుపట్టను. దాన్నొక్కదాన్నే నమ్ముకోవద్దు, అంతే.

బండి_మేస్త్రి | ఏప్రిల్ 7, ఉదయం 6:40

నేను ఎనిమిదేళ్లు బోరు బండి మీద డ్రిల్లర్‌గా చేశాను, ఇప్పుడు మానేశాను. లోపలి సంగతులు చెబుతాను.

మన దగ్గర తిరిగే బండ్లలో చాలావరకు తమిళనాడులోని తిరుచెంగోడు వైపు నుంచి వచ్చినవే. బండి ఓనరు ఎక్కడో ఉంటాడు, మీకు కనిపించేది ఏజెంటు. నేను చేసిన బండ్లన్నిటి మీదా ఏజెంటుకు అడుగుల లెక్కన కమీషన్ ఉండేది. ఎంత లోతు పోతే అతనికి అంత. అందుకే ‘ఇంకో వంద’ మాట ఎక్కువగా అతని నోటి నుంచే వస్తుంది. వీలైతే బండి మేనేజర్‌తోనే నేరుగా మాట్లాడండి. ఆ బండి గత నెలలో చుట్టుపక్కల వేసిన మూడు నాలుగు బోర్ల చోట్లు అడిగి, ఆ రైతుల దగ్గరికి వెళ్లండి. బోరు పడిందా అని అడగొద్దు, అది బండి చేతిలో లేదు. చెప్పిన రేటే తీసుకున్నారా, కేసింగ్ చుట్టూ మట్టి జారుతోందా, పని అయ్యాక ఫోన్ ఎత్తుతున్నారా అని అడగండి.

ఇక రాడ్ల లెక్క. పెద్ద బండ్ల మీద రాడ్డు మామూలుగా 20 అడుగులు ఉంటుంది. కొన్నిటికి తక్కువ ఉంటుంది, కాబట్టి పని మొదలుపెట్టకముందే టేపు పెట్టి ఒక రాడ్డు కొలవండి. వెంట వచ్చే లారీ మీద రాడ్లు ఎన్నున్నాయో లెక్కపెట్టి ఫోటో తీసుకోండి. రాడ్డు దిగినప్పుడల్లా ఒక గీత గీయండి. 20 అడుగుల రాడ్లు 15 దిగితే 300, 20 దిగితే 400. రాడ్లు పైకి తీసేటప్పుడు మళ్లీ లెక్కపెట్టండి. రెండు లెక్కలూ కలవాలి. నిజాయితీగా పని చేసేవాళ్లు దీనికి ఏమీ అనుకోరు. నేనైతే రైతే లెక్కపెట్టుకుంటే సంతోషించేవాణ్ని, తర్వాత గొడవ ఉండదు కదా.

ప్రతి రాడ్డుకూ బయటికొచ్చే పొడి ఒక గుప్పెడు తీసి వరసగా నేల మీద కుప్పలు పెట్టించండి. పైన ఎర్రగా, పసుపుగా ఉన్నది మెత్తటి పొర. తెల్లగా, బూడిద రంగులో సన్నగా వచ్చేది గట్టి బండ. ముక్కలు పెద్దవిగా, తుప్పు రంగు అంటుకుని వస్తే అక్కడ పగులు ఉందన్నమాట. ఒకేలాంటి బూడిద పొడి ఐదారు రాడ్లు వరసగా వచ్చిందంటే అది ఆలోచించుకోవాల్సిన చోటు.

ఇంకొకటి. బండి నిలబెట్టే చోట పైన కరెంటు తీగలు ఉండకూడదు. మాస్టు (బండి మీద నిలువుగా లేచే స్తంభం) లేపినప్పుడు తగిలితే మనుషులు పోతారు. అన్నం తినే టైం కూడా లేకుండా పగలూ రాత్రీ చేసే కుర్రాళ్లు వాళ్లు. కాస్త నీళ్లు, టీ చూడండి.

భూగర్భ_మిత్ర | ఏప్రిల్ 7, ఉదయం 9:15

భూగర్భ జల శాఖలో పని చేసి రిటైరయ్యాను. దేవరకొండ ప్రాంతమంతా గ్రానైట్. అక్కడ నీళ్లు ఉండేది రెండు చోట్లే. పైన చివికిన మెత్తటి రాతి పొరలో, దాని కింద గట్టి బండలోని పగుళ్లలో. పగుళ్లు ఎక్కువగా మొదటి 300 అడుగుల లోపే దొరుకుతాయి. కిందికి పోయేకొద్దీ బరువుకు మూసుకుపోతూ తగ్గుతాయి. 600, 800 దగ్గర నీళ్లు పడ్డ బోర్లు లేవని కాదు. కానీ ‘ఎంత లోతు పోతే అన్ని నీళ్లు’ అనే లెక్క గ్రానైట్‌కు పనికిరాదు. మీరు జేబులో పెట్టుకునే అంకెకు ఇదే ఆధారం.

బాబూ, కొత్త బోరు గురించి ఆలోచించే ముందు రెండో బోరును చూడండి. పావుగంట పోసి ఆగి, గంటన్నరకు మళ్లీ పోస్తోందంటే ఊట బతికే ఉంది, సన్నబడింది. ఊట పగుళ్లు పూడిపోయాయా, నీటి మట్టమే పడిపోయిందా అన్నది తేలాలి. మోటారు ఎత్తించి, తాడుకు బరువైన ఇనుప ముక్క కట్టి అడుగు దాకా వదలండి. తాడు తడిసిన చోటు నుంచి పైకి కొలిస్తే నీటి మట్టం, మొత్తం కొలిస్తే ఇప్పుడున్న లోతు. ఆ తర్వాత కెమెరా దించేవాళ్లు దొరికితే ఒకసారి చూపించండి. కేసింగ్ పగిలిందా, ఎక్కడ ఊట కారుతోందో స్పష్టంగా కనిపిస్తుంది.

కొత్తది తప్పదనుకుంటే రెసిస్టివిటీ మీటర్‌తో సర్వే చేయించండి. కరెంటు భూమిలోకి పంపి, పొరలు ఎంత అడ్డుకుంటున్నాయో కొలిచే పద్ధతి అది. సర్వే చేసినవాళ్లు ఎవరైనా నూటికి నూరు గ్యారంటీ అంటే నమ్మకండి. గ్రానైట్‌లో ఆ మాట నేను ముప్పై ఏళ్లలో ఒక్కసారీ అనలేదు. మీ పొలంలోగానీ పక్కన గానీ నల్లరాయి గోడలా బారుగా పోతోందేమో చూడండి. దాన్ని డైక్ అంటారు. భూమిలో నీటికి అది కట్టలా అడ్డు నిలబడుతుంది, ఎగువ వైపు నీళ్లు నిలిచే అవకాశం ఎక్కువ. గోడ దాటి దిగువన వేసినవాళ్లు నష్టపోవడం చాలాసార్లు చూశాను.

దేవరకొండ_బత్తాయి | ఏప్రిల్ 9, సాయంత్రం 7:30

సార్, మీరు చెప్పినట్టే మోటారు ఎత్తించి తాడు వదిలాం. నీటి మట్టం 290 దగ్గర. అడుగు 412 దగ్గరే తగిలింది. బిల్లు 500కు. మూడుసార్లు కొలిచాం. నాన్న ఆ తాడు చేతిలో పట్టుకుని మాట్లాడకుండా గట్టు మీద కూర్చుండిపోయాడు. అంటే 88 అడుగులకు మమ్మల్ని మోసం చేశారా?

భూగర్భ_మిత్ర | ఏప్రిల్ 9, రాత్రి 8:10

బాధ అర్థమైంది. కానీ అప్పుడే ఆ మాట అనకండి. ఏళ్ల తరబడి మట్టి, రాతి పొడి అడుగున చేరుతుంది. పై నుంచి రాయి జారి మధ్యలో ఇరుక్కున్నా తాడు అక్కడే ఆగుతుంది. తాడు చివర బరువు మెత్తగా దిగబడిందా, టంగుమని రాయికి తగిలిందా?

దేవరకొండ_బత్తాయి | ఏప్రిల్ 9, రాత్రి 8:25

మెత్తగానే సార్. పైకి తీస్తే ఇనుప ముక్కకు బూడిద రంగు బురద పట్టుకుని ఉంది.

భూగర్భ_మిత్ర | ఏప్రిల్ 9, రాత్రి 8:40

అయితే అది పూడిక. ఎంత పూడిందో ఫ్లషింగ్ చేస్తేనే తెలుస్తుంది. ఆ రోజు రాడ్లు ఎవరూ లెక్కపెట్టలేదు కాబట్టి అసలు లోతు అప్పుడు తేలిపోతుంది.

టమాటా_ఊరు | ఏప్రిల్ 9, రాత్రి 9:50

పూడిక మాట వచ్చింది కాబట్టి మా సంగతి చెప్తాను. మాది మదనపల్లె, ఇంటి బోరు. గట్టి బండ 60 అడుగుల దగ్గర తగిలింది. మా ఆయన ఊళ్లో లేరు, నేనూ మా అత్తయ్యా నిలబడి వేయించాం. కేసింగ్ 40 అడుగులే దించారు. ‘కింద గట్టిగానే ఉందమ్మా, పైపు దండగ’ అన్నారు. మాకు డబ్బు మిగిల్చుతున్నారు కదా అనుకున్నాను. రెండో వానాకాలానికి నీళ్లు ఎర్రగా రావడం మొదలైంది. ఒక రోజు మోటారు ఆగిపోయింది. ఎత్తబోతే రాలేదు. మధ్యలో ఆ 20 అడుగుల మెత్తటి గోడ కూలి మోటారు మీద పడింది. మూడు రోజులు చెయిన్ పుల్లీ పెట్టి లాగారు, చివరికి పైపు తెగి మోటారు లోపలే ఉండిపోయింది. బోరూ పోయింది, మోటారూ పోయింది.

కేసింగ్ ఎక్కువ వేసి బిల్లు పెంచేవాళ్లూ ఉన్నారు, తక్కువ వేసి పని తొందరగా ముగించేవాళ్లూ ఉన్నారు. మేస్త్రి గారు చెప్పిన పొడి కుప్పలు అప్పుడే పెట్టించి ఉంటే నాకే తెలిసేది. ఎర్ర పొడి ఆగిన చోటు దాటి, బండలోకి రెండు మూడు అడుగులు పైపు దిగి గట్టిగా కూర్చోవాలి. ఆడవాళ్లు నిలబడితే మన ప్రశ్నలకు సరిగ్గా జవాబు చెప్పరు. అయినా అడగండి. నేను అడగలేదు.

బండి_మేస్త్రి | ఏప్రిల్ 10, ఉదయం 7:00

అక్కా, మీరు చెప్పింది అక్షరాలా నిజం. కేసింగ్ కూర్చోకపోతే ఆ బోరు ఎన్నాళ్లు ఉంటుందో చెప్పలేం. కేసింగ్ దించాక, రాయి తొలిచే 6.5 అంగుళాల బిట్టుతో కింది పని మొదలుపెట్టకముందు, పైపును చేత్తో తిప్పి చూడమనండి. సులువుగా తిరుగుతుంటే ఇంకా కూర్చోలేదన్నమాట.

ఘట్‌కేసర్_ప్లాట్ | ఏప్రిల్ 10, మధ్యాహ్నం 1:15

నాదో చిన్న ప్రశ్న. ఇంటి బోరుకు కూడా పర్మిషన్ కావాలా? మా వీధిలో ఎవరూ తీసుకోలేదు. పక్కింటాయన బోరుకు మేం వేయాలనుకున్న చోటు ఇరవై అడుగుల దూరం, ఆయన అభ్యంతరం చెబుతున్నాడు.

భూగర్భ_మిత్ర | ఏప్రిల్ 10, మధ్యాహ్నం 3:00

2002 నాటి వాల్టా చట్టం (నీరు, భూమి, చెట్ల రక్షణ చట్టం) ప్రకారం బోరు వేసే ముందు అనుమతి తీసుకోవాలి, బోరు బండికి కూడా రిజిస్ట్రేషన్ ఉండాలి. ప్రభుత్వ తాగునీటి బోరు 250 మీటర్ల లోపల ఉంటే మరింత జాగ్రత్త. మీసేవలో దరఖాస్తు పెట్టి, తహసీల్దార్ ఆఫీసులో కనుక్కోండి. వీధిలో ఎవరూ తీసుకోలేదన్న మాట రేపు పక్కింటాయన ఫిర్యాదు చేసినప్పుడు మీకు అక్కరకు రాదు. ఇరవై అడుగుల దూరంలో రెండు బోర్లంటే ఒకే ఊటను ఇద్దరూ పంచుకోవడమే. వేసే ముందు ఆయనతో కూర్చుని మాట్లాడండి.

మోటారు_మెకానిక్ | ఏప్రిల్ 10, రాత్రి 9:30

బోరు గురించి అందరూ చెప్పారు, మోటారు గురించి నేను చెప్తా. మా షాపుకు వచ్చే కాలిన మోటార్లలో ఎక్కువ నీళ్లు లేకుండా తిరిగినవే. దేవరకొండ అన్నా, మీ మోటారు పావుగంట పోసి ఆగుతోందన్నారు. ఎవరు ఆపుతున్నారు? మీ నాన్నగారా, నీళ్లు లేనప్పుడు మోటారును దానంతటదే ఆపే డ్రై రన్ ప్రివెంటరా? ఆ ప్రివెంటర్ లేకపోతే ఈ రోజే పెట్టించండి.

కొత్త బోరు పడ్డాక షాపుకెళ్లి ‘500 అడుగులు, మోటారు ఇవ్వండి’ అనొద్దు. బోరులో గంటకు ఎన్ని నీళ్లు వస్తాయో అది ముందు తెలియాలి. బండి వాళ్లు బోరులోకి గాలి కొట్టినప్పుడు మొదట పైకెగిరే నీళ్లు చూసి రెండించులు, మూడించులు అంటారు. అది లోపల నిలవున్న నీళ్లు. కనీసం గంటసేపు ఆపకుండా కొట్టించండి. చివర్లో 200 లీటర్ల డ్రమ్ము పెట్టి ఎన్ని నిమిషాల్లో నిండుతుందో చూడండి. మూడు నిమిషాల్లో నిండితే గంటకు 4 వేల లీటర్లు. ఆ అంకె, మోటారు దించే లోతు, ఈ రెండూ తెస్తే ఎన్ని హెచ్‌పీ, ఎన్ని స్టేజీలు (పంపులో నీటిని పైకి నెట్టే చక్రాల వరసలు) అన్నది మేం చెప్తాం. ఊట కన్నా పెద్ద మోటారు పెడితే మళ్లీ పావుగంట కథే.

మోటారును అడుగుకు ఆనించొద్దు, కింద పూడికకు చోటు వదలాలి. దించే ముందు మోటారులో మంచినీళ్లు నింపారో లేదో దగ్గరుండి చూడండి. మోటారుకు తాడు కట్టడం తప్పనిసరి.

కదిరి_రైతు | ఏప్రిల్ 11, ఉదయం 6:10

తమ్ముడూ, ఇవన్నీ తేలేసరికి పది పదిహేను రోజులు పడుతుంది. అప్పటిదాకా చెట్లను కాపాడుకో. పాదుల్లో ఎండుటాకులు, వరిగడ్డి మందంగా పరుచు. ఉన్న పావుగంట నీళ్లను కాలవలో వదలకుండా డ్రిప్‌లోనే పంపు. మరీ ముడుచుకున్న చెట్లకు కాయ కొంత దులిపెయ్. ఈ ఏడు కాపు పోయినా తొమ్మిదేళ్ల చెట్టు మిగలాల.

దేవరకొండ_బత్తాయి | ఏప్రిల్ 24, రాత్రి 9:40

అందరికీ అప్‌డేట్.

ముందు రెండో బోరుకు ఫ్లషింగ్ చేయించాం. నేను సెలవు పెట్టి వెళ్లాను, రాడ్లు నేనే లెక్కపెట్టాను. కొలిచాం, 20 అడుగులే. 24 రాడ్లు పూర్తిగా దిగి 25వది సగంలో ఆగింది. అంటే 490. బిల్లులో 500 వేశారు. పది అడుగులే తేడా. ఆ రోజు తాడు చూసి నేను అనుకున్న మాటలకు నాకే కష్టంగా అనిపించింది. రేటు విషయంలో మాత్రం నా మాట మీదే ఉన్నాను. మూడు గంటలు బూడిద బురద కక్కింది. తర్వాత తేటపడింది. డ్రమ్ము పది నిమిషాల్లో నిండింది, గంటకు 1200 లీటర్లు. ముందుతో పోలిస్తే నయం, మూడెకరాలకు చాలదు.

సర్వే చేయించాం. పొలానికి తూర్పున నల్లరాళ్ల వరస ఉంది. చిన్నప్పుడు మేం దాని మీద ఎక్కి ఆడుకునేవాళ్లం, అది డైక్ అని ఇప్పుడే తెలిసింది. దాని ఎగువన రెండు పాయింట్లు చెప్పారు. అనుమతికి మీసేవలో పెట్టుకున్నాం. మూడు బండ్లను కనుక్కుని, పక్క ఊళ్లో ఇద్దరు రైతులు బాగుందన్న బండినే పిలిచాం. రేటు, కేసింగ్, రిపేరు సంగతి తెల్లకాగితం మీద రాసి మేనేజర్ సంతకం తీసుకున్నాం. మొదట కాస్త చిన్నబుచ్చుకున్నాడు, తర్వాత ‘ఇట్లైతే మాకూ మంచిదే సార్’ అన్నాడు.

అంకె 400 అనుకున్నాం. నాన్నే జేబులో పెట్టుకున్నాడు. ఎర్ర పొడి 52 దగ్గర ఆగింది, కేసింగ్ 55 దించారు. 180 దగ్గర తడి తగిలింది. 310 నుంచి ఒకేలాంటి బూడిద పొడి. 360 దగ్గర తుప్పు రంగు ముక్కలు పడ్డాయి, నాన్న వంగి ఒక ముక్క తీసి లైటు కింద పెట్టి చూశాడు. రెండు నిమిషాల్లో నీళ్లు లేచాయి. 400 కాగానే మేనేజర్ మా వైపు చూశాడు. నాన్న కాగితం తీసి చూపించాడు. ఆపేశారు. గంటన్నర గాలి కొట్టించాక డ్రమ్ము నాలుగు నిమిషాల్లో నిండింది.

ఇప్పుడు నీళ్లు పరీక్షకు ఇచ్చాను. ఇంట్లో కూడా ఈ నీళ్లే వాడదామని అమ్మ అంటోంది.

భూగర్భ_మిత్ర | ఏప్రిల్ 25, ఉదయం 8:00

చాలా సంతోషం బాబూ. గంటకు 3 వేల లీటర్లు మీ ప్రాంతంలో మంచి ఊటే. పరీక్షలో ఫ్లోరైడ్ తప్పకుండా చూడమనండి. నల్లగొండ జిల్లాలో దాని చరిత్ర మీకు తెలుసు. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే అమ్మగారిని తాగనివ్వకండి, తోటకే వాడండి. వానలకు ముందే కొత్త బోరు పక్కన ఇంకుడు గుంత తీయించండి.

ఒక్క మాట అడగాలి. 2012 బోరు సంగతి ఏం చేశారు? మోటారు తీసేశాక నోరు తెరిచే ఉందా?

దేవరకొండ_బత్తాయి | ఏప్రిల్ 25, ఉదయం 8:45

సార్, దాని మీద గోనె సంచి కప్పి, పైన రాయి పెట్టి ఉంది.

భూగర్భ_మిత్ర | ఏప్రిల్ 25, ఉదయం 8:55

ఈ రోజే పూడ్పించండి. 2020 మేలో మెదక్ జిల్లాలో మూడేళ్ల బాబు పడిపోయింది అప్పుడే వేసి, నీళ్లు పడక వదిలేసిన బోరులో. 2017లో చేవెళ్ల దగ్గర ఏడాదిన్నర పాప. సుప్రీంకోర్టు 2010లోనే చెప్పింది, వదిలేసిన బోరును మట్టి, ఇసుక, రాళ్లతో అడుగు నుంచి నేల దాకా నింపాలని. వాడే బోరుకైతే కేసింగ్ చుట్టూ సిమెంటు దిమ్మె, పైన బిగించిన ఇనుప మూత ఉండాలి. కొత్త బోరుకు మోటారు దించేదాకా కూడా మూత లేకుండా ఒక్క రాత్రి వదలకండి.

దేవరకొండ_బత్తాయి | ఏప్రిల్ 25, సాయంత్రం 6:20

పూడ్చేశాం సార్. ట్రాక్టరు మట్టి సరిపోతుందనుకున్నాం, చాలక ఫ్లషింగ్‌లో వచ్చిన బూడిద పొడి కూడా అందులోనే పోశాం. నేల మట్టం దాకా నింపి పైన రాళ్లు పేర్చాం. కొత్త దానికి వెల్డింగ్ షాపులో మూత చేయించి బోల్టులు బిగించాం. పక్కింటి పిల్లలు రోజూ సాయంత్రం ఆ గట్టు మీదే ఆడుకుంటారని అమ్మ ఇప్పుడు చెప్పింది.